పోయిన రక్షణలు, వచ్చిన హక్కులు: అమెరికా రాష్ట్రాల ఆస్తి బీమా చట్టాల్లో ఇటీవలి మార్పులు

డాలస్ ప్రాంతపు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

సభకు నమస్కారం. శనివారం సాయంత్రం పిల్లల క్లాసులు, సామాన్ల కొనుగోళ్లు మానుకుని బీమా చట్టాల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే, మీలో చాలామంది ఇళ్లకు ఈ మధ్య బీమా కంపెనీ నుంచి ఏదో ఒక ఉత్తరం వచ్చి ఉంటుందని నాకు అర్థమవుతోంది. నేను పంతొమ్మిదేళ్లుగా క్లెయిముల అడ్జస్టరుగా, అంటే నష్టాన్ని చూసి ఎంత చెల్లించాలో లెక్కకట్టేవాడిగా, పనిచేస్తున్నాను. ఇల్లు కాలినా, కప్పు ఎగిరిపోయినా, గోడలో పైపు పగిలి నేలంతా తడిసినా, కంపెనీ తరఫున మొదట గుమ్మంలో అడుగుపెట్టే మనిషిని నేనే. చట్టం మారితే ఆ మార్పు బరువెంతో నాకు తెలిసేది, ఆ తడి కార్పెట్ మీద నిలబడి ఇంటివారికి సమాధానం చెప్పవలసి వచ్చినప్పుడే.

నేను చెప్పదలచుకున్న విషయాన్ని ముందే చెబుతాను. 2022 నుంచి అనేక రాష్ట్రాలు ఇంటి బీమా చట్టాలను తిరగరాస్తున్నాయి. వీటిలో ఎక్కువ వాటి వెనక ఉన్న ఆలోచన, బీమా కంపెనీలు రాష్ట్రం విడిచి వెళ్లిపోకుండా చూసుకోవడం. అందుకోసం ఇంటి యజమానికి ఎంతో కాలంగా ఉన్న కొన్ని రక్షణలను తీసేశారు, వాటితో పాటు కొన్ని కొత్త హక్కులు ఇచ్చారు. పోయినవి కోర్టుకు వెళితే పనికొచ్చే రక్షణలు; వచ్చినవి, గడువు దాటకుండా కాగితం చదివి, రాసి అడిగేవారికి మాత్రమే పనికొచ్చే హక్కులు. ఆ తేడా తెలియక నష్టపోతున్న కుటుంబాలను చూస్తున్నాను కనుకనే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

ఇక్కడ ప్రాపర్టీ అండ్ క్యాజువాలిటీ అనే మాట వింటూ ఉంటారు. ప్రాపర్టీ అంటే మన ఆస్తికి జరిగే నష్టం: ఇల్లు, సామాను, కారు. క్యాజువాలిటీ అంటే మన వల్ల ఇంకొకరికి జరిగిన నష్టానికి మనం చెల్లించవలసిన బాధ్యత: మన కారు ఇంకొకరిని గుద్దితే, మన మెట్ల మీద ఎవరైనా జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే వచ్చే బాధ్యత. ఈ రెండూ కలిసిన కట్టే మీ హోమ్ పాలసీ, మీ కారు పాలసీ.

మన దేశంలో బీమా రంగాన్నంతటినీ నియంత్రించే ఐ.ఆర్.డి.ఎ.ఐ. ఒక్కటే సంస్థ, దాని ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. అందువల్ల ఇక్కడికి వచ్చిన కొత్తలో మనవాళ్లు అమెరికా అంతటికీ ఒకే బీమా చట్టం ఉంటుందని అనుకుంటారు. అలా లేదు. ఇందుకు మూలం ఒక పాత కేసులో ఉంది. వర్జీనియాలో శామ్యూల్ పాల్ అనే ఏజెంటుకు, న్యూయార్క్ కంపెనీల అగ్ని బీమా పాలసీలను రాష్ట్ర లైసెన్సు లేకుండా అమ్మినందుకు జరిమానా పడింది. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. బీమా పాలసీ అమ్మకం అంతర్రాష్ట్ర వాణిజ్యం కాదని, కాబట్టి రాష్ట్రాల నియంత్రణ చెల్లుతుందని కోర్టు 1869లో తీర్పు చెప్పింది. 1944లో అదే కోర్టు ఆ మాటను వెనక్కి తీసుకుంది కానీ, మరుసటి ఏడాదే, 1945లో, అమెరికా కాంగ్రెస్ మెకారన్ ఫెర్గుసన్ చట్టం చేసి బీమా నియంత్రణను మళ్లీ రాష్ట్రాల చేతిలోనే పెట్టింది. అందుకే డాలస్‌లో ఉన్న అన్నకు, టాంపాలో ఉన్న తమ్ముడికి, శాక్రమెంటోలో ఉన్న చెల్లెలికి ఒకే కంపెనీ పాలసీ ఉన్నా, వాళ్ల హక్కులు మూడు రకాలుగా ఉంటాయి. అన్న చెప్పిన సలహా తమ్ముడికి పనికిరాకపోవచ్చు, ఒక్కోసారి కీడు కూడా చేయవచ్చు.

ఈ మార్పులన్నీ ఒక్కసారిగా ఎందుకు వచ్చాయంటే, బీమా కంపెనీలు కూడా బీమా కొనుక్కుంటాయి. దాన్ని రీఇన్సూరెన్స్ అంటారు. పెద్ద తుఫాను వచ్చి ఒకే రోజు లక్ష ఇళ్లు దెబ్బతింటే, ఆ భారంలో కొంత ఈ రీఇన్సూరెన్స్ సంస్థలు మోస్తాయి. వరసగా వచ్చిన హరికేన్లు, కార్చిచ్చులు, వడగళ్ల వానల తరవాత 2023 జనవరి నాటికి ఆ సంస్థలు తమ ధరలను బాగా పెంచాయి. దానికి తోడు 2020 తరవాత కలప, కూలి ధరలు పెరగడంతో అదే ఇంటిని తిరిగి కట్టే ఖర్చు ఎక్కువైంది. ప్రీమియం పెంచడానికి వీలున్న రాష్ట్రాల్లో కంపెనీలు పెంచాయి, పెంచనివ్వని రాష్ట్రాల్లో కొత్త పాలసీలు రాయడం మానేశాయి. శాసనసభలు రంగంలోకి దిగింది అప్పుడే.

ముందుగా ఫ్లోరిడా సంగతి. తుఫాను వచ్చినప్పుడు మా వంటివాళ్లను ఇతర రాష్ట్రాల నుంచి అక్కడికి పంపుతారు. అలా వెళ్లినప్పుడు ఒర్లాండో దగ్గర ఒక తెలుగు పెద్దాయన ఇంటికి వెళ్లాను. కొడుకు దగ్గర ఉండడానికి వచ్చి అక్కడే స్థిరపడిన రిటైర్డ్ మాస్టారు. నేను వెళ్లేసరికి ఇంటి కప్పు మీద నీలం టార్పాలిన్ కప్పి ఉంది, దాని అంచులకు కొట్టిన చెక్క పట్టీలు అప్పటికే వంకర తిరుగుతున్నాయి. ఆయన కాఫీ ఇచ్చి, “బాబూ, రూఫింగ్ కుర్రాడు వచ్చి ఉచితంగా చూస్తానన్నాడు, ట్యాబ్‌లో సంతకం పెట్టమంటే పెట్టాను, కప్పు ఎక్కి చూడడానికి అనుమతి అనుకున్నాను” అన్నారు. ఆ సంతకంతో ఆయన తన క్లెయిము హక్కు మొత్తాన్ని ఆ కాంట్రాక్టరుకు రాసిచ్చేశారు. దీన్నే అసైన్‌మెంట్ ఆఫ్ బెనిఫిట్స్ అనేవారు. ఇక కంపెనీతో మాట్లాడేది కాంట్రాక్టరే, డబ్బు అందుకునేది కాంట్రాక్టరే, చాలకపోతే దావా వేసేది కూడా కాంట్రాక్టరే. మాస్టారి ఇంటి కప్పు గురించి కోర్టులో దావా నడుస్తోందని మాస్టారికే తెలియదు.

ఇటువంటి దావాలు వేలకు వేలు పడ్డాయి. ఆ రాష్ట్ర బీమా నియంత్రణ కార్యాలయం లెక్క ప్రకారం, 2019లో దేశం మొత్తం మీద నమోదైన హోమ్ పాలసీ క్లెయిముల్లో ఫ్లోరిడా వాటా సుమారు 8 శాతం కాగా, దావాల్లో ఆ రాష్ట్రం వాటా 76 శాతం. ఇందుకు అసైన్‌మెంట్ ఒక్కటే కారణం కాదు. బీమా కంపెనీ మీద దావా వేసి గెలిస్తే గెలిచినవారి లాయరు ఫీజు కంపెనీయే కట్టాలని, ఓడితే మాత్రం వారు కంపెనీ లాయరు ఫీజు కట్టనక్కర్లేదని 1893 నుంచి అక్కడ చట్టం ఉండేది. మొదట్లో ఇది సామాన్యుడి కోసం చేసిన మంచి చట్టమే. పదిహేను వేల డాలర్ల తగవు కోసం గంటకు వందల డాలర్లు తీసుకునే లాయరును ఎవరు పెట్టుకోగలరు? ఆ భయం లేకుండా కోర్టు తలుపు తట్టే వీలు ఆ చట్టం ఇచ్చింది. కాలక్రమంలో దాన్నే ఆధారం చేసుకుని దావాలే వ్యాపారంగా పెట్టుకున్నవాళ్లు తయారయ్యారు.

2022 సెప్టెంబరు 28న ఇయాన్ హరికేన్ తీరం దాటింది. అదే ఏడాది డిసెంబరులో ప్రత్యేక సమావేశం పెట్టి శాసనసభ ఎస్.బి. (సెనేట్ బిల్లు) 2-ఏ అనే చట్టం చేసింది, గవర్నర్ రాన్ డిశాంటిస్ డిసెంబరు 16న సంతకం పెట్టారు. 2023 జనవరి 1 నుంచి జారీ అయిన ఆస్తి బీమా పాలసీల్లో క్లెయిము హక్కును ఇంకొకరికి రాసిచ్చినా చెల్లదు. ఆస్తి బీమా తగవుల్లో 1893 నాటి లాయరు ఫీజు రక్షణ పోయింది; మరుసటి ఏడాది మార్చిలో వచ్చిన హెచ్.బి. (హౌస్ బిల్లు) 837 దాన్ని మిగతా బీమాలకు కూడా తీసేసింది. నష్టం జరిగిన సంగతి కంపెనీకి తెలపడానికి అంతకుముందు రెండేళ్లు ఉన్న గడువును ఒక ఏడాదికి కుదించారు; అదే నష్టానికి అదనపు క్లెయిము చేయాలంటే 18 నెలలు. మరోవైపు కంపెనీల గడువులు కూడా తగ్గించారు: క్లెయిము చెల్లించడమో నిరాకరించడమో 90 రోజులకు బదులు 60 రోజుల్లో తేల్చాలి, మనం రాసిన ఉత్తరం అందిందని 14 రోజులకు బదులు 7 రోజుల్లో తెలపాలి.

ఈ గడువుల గురించి కొంచెం ఆగి చెప్పాలి. పైకప్పు కింద మెల్లగా ఊరే నీరు ఏడాది తిరిగేలోపు పడకగది సీలింగు మీద మరకగా కనిపిస్తుందన్న హామీ ఏమీ లేదు. నేను చూసిన ఇళ్లలో పద్నాలుగో నెలలో, పదహారో నెలలో బయటపడినవి ఉన్నాయి. అంతకుముందు క్లెయిమే చేయకపోతే ఆ కుటుంబానికి ఇప్పుడు ఏమీ రాదు. అందుకే ఫ్లోరిడాలో మీ వాళ్లుంటే, పెద్ద గాలివాన వెలిసిన తరవాత, ఏమీ కనిపించకపోయినా సరే, లైసెన్సు ఉన్న ఇన్‌స్పెక్టరుతో కప్పును, అటకను చూపించి ఫోటోలు తీయించుకోమని చెప్పండి.

ఈ సంస్కరణలు ఫలించాయా అంటే, ఒక లెక్కన ఫలించాయి. ప్రైవేటు కంపెనీలు వదిలేసినవాళ్లను చేర్చుకోవడానికి రాష్ట్రం నడిపే సిటిజెన్స్ అనే సంస్థ పాలసీలు 2023లో 14 లక్షలు దాటాయి. 2024 ముగిసేసరికి 10 లక్షల లోపుకు దిగాయి. కొత్త కంపెనీలు వచ్చాయి. ప్రైవేటు కంపెనీ ప్రీమియం సిటిజెన్స్ కంటే 20 శాతానికి మించి ఎక్కువ కాకపోతే అక్కడికి మారక తప్పదని పెట్టిన నిబంధన కూడా ఇందుకు తోడ్పడింది. సిటిజెన్స్‌లో ఉండాలంటే వరద బీమా తీసుకోవాలన్న షరతును కూడా దశలవారీగా తెస్తున్నారు. కప్పు పాతదన్న ఒక్క కారణంతో, పదిహేనేళ్లు నిండని కప్పున్న ఇంటికి బీమా నిరాకరించకూడదని 2022 మేలో చేసిన చట్టం ఇంటివారికి నిజంగా మేలు చేసింది.

అయినా నా మనసులో ఒక ముల్లు మిగిలే ఉంది. దొంగ దావాలను ఆపడానికి నిజమైన బాధితుడి చేతిలోని ఆయుధాన్ని కూడా లాక్కున్నారు. ఫీజుకు ఒక పరిమితి పెట్టవచ్చు, చిన్న క్లెయిములకు మినహాయింపు ఇవ్వవచ్చు. అలా చేయకుండా మొత్తం ఎత్తేశారు. నేను కంపెనీ పక్షాన పనిచేసేవాణ్ణి, అయినా ఈ మాట అంటున్నాను. తప్పు లెక్క కట్టిన అడ్జస్టరును నిలదీయడానికి ఇంటి యజమానికి ఒక మార్గం ఉండాలి, ఆ మార్గం అతను భరించగలిగేదై ఉండాలి.

లూసియానా గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళతాను. 2020లో లారా, 2021లో ఐడా హరికేన్ల దెబ్బకు అక్కడ ఎన్నో చిన్న కంపెనీలు దివాలా తీశాయి. మూడేళ్లు దాటిన హోమ్ పాలసీని కంపెనీ తన ఇష్టం వచ్చినట్టు రెన్యూ చేయకుండా వదిలేయకూడదన్న పాత నియమం ఆ రాష్ట్రానికి ప్రత్యేకం. కంపెనీలు రావాలంటే అది పోవాలన్న వాదనతో 2024లో దాన్ని సడలించారు. దానికి మారుగా బలమైన కప్పులు వేసుకోవడానికి 10,000 డాలర్ల దాకా సాయం ఇచ్చే పథకం నడుపుతున్నారు. ఈ రెండో పనే అసలు పని అని నా నమ్మకం: కప్పు ఎగరకపోతే క్లెయిమే ఉండదు.

కాలిఫోర్నియా కథ దీనికి తలకిందులు. అక్కడ 1988లో ప్రజలే ఓటు వేసి ప్రపొజిషన్ 103 అనే చట్టం తెచ్చుకున్నారు. ఏ కంపెనీ అయినా ధర పెంచాలంటే ముందుగా బీమా కమిషనర్ అనుమతి తీసుకోవాలి. ఆ కమిషనర్‌ను కూడా ప్రజలే ఎన్నుకుంటారు. పెంపు 7 శాతం దాటితే, వినియోగదారుల తరఫున ఎవరైనా కోరితే బహిరంగ విచారణ జరపక తప్పదు, అందుకే ఎన్నో ఏళ్లు కంపెనీలు 6.9 శాతం పెంపు అడుగుతూ వచ్చాయి. పైగా కార్చిచ్చు నష్టాలను గత ఇరవై ఏళ్ల సగటుతో లెక్కగట్టాలే తప్ప, రాబోయే ప్రమాదాన్ని అంచనా వేసే కంప్యూటర్ నమూనాలు వాడకూడదు, రీఇన్సూరెన్స్ ఖర్చును ధరలో కలపకూడదు అన్న నిబంధనలు ఉండేవి. ఇవి ధరలను అదుపులో ఉంచాయి, నిజమే. కానీ అడవుల అంచున మంటలు పెరిగిన కొద్దీ ఆ ధరకు బీమా ఇచ్చేవాళ్లు తగ్గిపోయారు. 2023 మేలో, రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ ఇళ్లకు బీమా ఇచ్చే స్టేట్ ఫార్మ్ సంస్థ కొత్త హోమ్ పాలసీలు ఆపేసింది. 2024 మార్చిలో సుమారు 72,000 పాలసీలను రెన్యూ చేయబోమని ప్రకటించింది.

ఎక్కడా బీమా దొరకనివారికి ఆఖరి దిక్కుగా 1968లో పెట్టిన, రాష్ట్రంలోని బీమా కంపెనీలు సభ్యులుగా ఉన్న ఫెయిర్ ప్లాన్ ఉంది. అది ప్రధానంగా అగ్నిప్రమాదానికే. దొంగతనానికి, పైపు పగిలితే వచ్చే నష్టానికి, మన మీద వచ్చే బాధ్యతకు అది వర్తించదు, వాటికి వేరే పాలసీ తీసుకోవాలి. ఈ సంగతి తెలియక ఫెయిర్ ప్లాన్ ఒక్కటే పెట్టుకుని నిశ్చింతగా ఉన్న మనవాళ్లు బే ఏరియా కొండల అంచున ఉన్నారు. వాళ్లకు ఈ మాట మీరే ఫోన్ చేసి చెప్పండి.

2024 డిసెంబరులో కమిషనర్ రికార్డో లారా నిబంధనలు మార్చారు. నమూనాలు వాడుకోవచ్చు, రీఇన్సూరెన్స్ ఖర్చు కలుపుకోవచ్చు; అందుకు బదులుగా, రాష్ట్రంలో తమకున్న మార్కెట్ వాటాలో కనీసం 85 శాతం మేరకు అగ్నిప్రమాద ప్రాంతాల్లో కూడా పెద్ద కంపెనీలు పాలసీలు రాయాలి. ఆ సిరా ఆరకముందే 2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో పాలిసేడ్స్, ఈటన్ అనే కార్చిచ్చులు చెలరేగాయి. 16,000కు పైగా కట్టడాలు నేలమట్టమయ్యాయి. ఫెయిర్ ప్లాన్ దగ్గర డబ్బు చాలక, ఫిబ్రవరిలో సభ్య కంపెనీల నుంచి 100 కోట్ల డాలర్లు వసూలు చేసుకోవడానికి కమిషనర్ అనుమతి ఇచ్చారు. అందులో సగం దాకా కంపెనీలు తమ పాలసీదారుల మీద వేసుకోవచ్చు. మంట చూడని ఇంటివాళ్ల బిల్లులో కూడా ఆ మంట తాలూకు వాటా చేరింది.

ఆ మంటల్లోనే మా పెద్దమ్మ కూతురి ఇల్లు ఆల్టడీనాలో కాలిపోయింది. మనుషులు క్షేమంగా బయటపడ్డారు. రెండు వారాల తరవాత ఆమె నాకు రాత్రి పూట ఫోన్ చేయడం మొదలుపెట్టింది. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువుకూ పేరు, ఎప్పుడు కొన్నది, ఎంతకు కొన్నది రాసి పంపాలని కంపెనీ అడిగింది. వంటింటితో మొదలుపెట్టింది: ప్రెషర్ కుక్కర్లు మూడు, ఇడ్లీ పాత్ర, గ్రైండరు, ఇత్తడి కుంది జత, పోపుల డబ్బా. 212వ వరస దగ్గర ఆగిపోయింది. అది ధర్మవరం పట్టుచీర, 2009లో పెళ్లికి వాళ్ల నాన్నగారు స్వయంగా వెళ్లి తెచ్చినది. ఆయన ఎంత పెట్టి కొన్నారో ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు, ఆయన ఇప్పుడు లేరు. ధర గడి ఖాళీగా వదిలి, ఆ రాత్రికి ఇంకేమీ రాయలేనని ఫోన్ పెట్టేసింది. వృత్తి జీవితంలో నేను ఆ గడి నింపమని ఎంతమందిని అడిగానో నాకు ఆ రాత్రి గుర్తుకొచ్చింది.

అందుకే 2025 అక్టోబరులో ఆ రాష్ట్రం చేసిన ఎస్.బి. 495ను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అత్యవసర పరిస్థితి ప్రకటించిన విపత్తులో ఇల్లు పూర్తిగా పోతే, సామాను కింద పాలసీలో ఉన్న మొత్తంలో 60 శాతాన్ని, 3,50,000 డాలర్ల పరిమితికి లోబడి, ఏ జాబితా అడగకుండా కంపెనీ చెల్లించాలి. 2026 జనవరి 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. మిగిలిన 40 శాతం కావాలంటే మాత్రం జాబితా ఇవ్వవలసిందే.

టెక్సస్‌లో మనకు అటువంటి చట్టం లేదు. కాబట్టి ఈ రాత్రి ఇంటికి వెళ్లాక ఫోన్ తీసుకుని, ప్రతి గదీ, ప్రతి అల్మరా తలుపు తీసి, మెల్లగా వీడియో తీసి, ఇంట్లో కాకుండా ఇంకొక చోట, క్లౌడ్‌లోనో మీ చెల్లెలికి పంపో, దాచుకోండి. నగల విషయం విడిగా చెప్పాలి. మామూలు హోమ్ పాలసీల్లో నగలు దొంగతనం పోతే ఇచ్చే పరిమితి చాలా తక్కువ, చాలా పాలసీల్లో 1,500 డాలర్ల దగ్గరలోనే ఉంటుంది. మన ఇళ్లలో ఒక్క గొలుసుకే అంతకు ఎన్నో రెట్లు అవుతుంది. నగలను ఒక్కొక్కటిగా విలువ కట్టించి పాలసీలో విడిగా రాయించుకునే వీలుంది. అలా రాయించని ఇంట్లో దొంగలు పడితే నేను వచ్చి చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇక కార్ల విషయం. ప్రమాదంలో అవతలివారికి చెల్లించడానికి కనీసం ఎంత బీమా ఉండాలో ప్రతి రాష్ట్రమూ నిర్ణయిస్తుంది. కాలిఫోర్నియాలో 1967 నుంచి కదలని అంకె, 2025 జనవరి 1న ఒక మనిషి గాయానికి 15,000 నుంచి 30,000 డాలర్లకు, ఒక ప్రమాదానికి మొత్తం 60,000కు పెరిగింది. వర్జీనియా అదే రోజున 50,000, లక్షకు పెంచింది. ఉత్తర కరొలినా 2025 జులై నుంచి అంతే చేసింది. న్యూజెర్సీలో 2023లో 25,000 అయింది, 2026 జనవరి నుంచి 35,000. మన టెక్సస్‌లో 2011 నుంచీ 30,000 దగ్గరే ఉంది. మాస్టర్స్‌కు వచ్చి పాత కారు కొనుక్కున్న పిల్లలు చాలామంది ఈ కనీస మొత్తానికే పాలసీ తీసుకుంటారు. ఒక మనిషిని అంబులెన్సులో తీసుకెళ్లి, సర్జరీ చేసి, వారం రోజులు ఆసుపత్రిలో ఉంచితే 30,000 ఏ మూలకు సరిపోతుంది? ఆ పైన పడే ప్రతి డాలరుకూ ఆ పిల్లాడే బాధ్యుడు. ఇంట్లో అలాంటి పిల్లలుంటే పరిమితిని మనిషికి లక్షకు, ప్రమాదానికి మూడు లక్షలకు పెంచితే ప్రీమియం ఎంత పెరుగుతుందో అడిగి చూడండి. మీరు భయపడినంత ఉండదు.

ఇప్పుడు మన ఊరి సంగతి. ఇక్కడ మన శత్రువు వడగళ్లు. ఏప్రిల్, మే నెలల్లో గోల్ఫ్ బంతులంత రాళ్లు పడిన మరుసటి పొద్దున్నే వీధిలో రూఫింగ్ ట్రక్కులు వరసకడతాయి. మన పాలసీల్లో గాలికి, వడగళ్లకు విడిగా డిడక్టిబుల్, అంటే నష్టంలో ముందుగా మనమే భరించవలసిన మొత్తం, ఉంటుంది, అది ఇంటి బీమా మొత్తంలో 1 శాతమో 2 శాతమో. ఆరు లక్షల డాలర్లకు బీమా ఉన్న ఇంటికి 2 శాతం అంటే 12,000 డాలర్లు మన జేబులోంచి. అప్పుడు వచ్చిన కాంట్రాక్టరు, “ఆ డిడక్టిబుల్ సంగతి మేం చూసుకుంటాం, మీరు ఒక్క డాలరు కట్టనక్కర్లేదు” అంటాడు. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న హెచ్.బి. 2102 ప్రకారం అలా డిడక్టిబుల్ మాఫీ చేయడం ఈ రాష్ట్రంలో నేరం. డిడక్టిబుల్ కట్టినట్టు రుజువు చూపమని కంపెనీ మిమ్మల్ని అడగవచ్చు, చూపలేకపోతే, రుజువు వచ్చేదాకా కంపెనీ ఆపి ఉంచిన మిగతా సొమ్ము మీకు రాదు. మొహమాటానికి ఒప్పుకున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుపోతున్నారు. డిడక్టిబుల్ కట్టండి, చెక్కు నకలు దాచుకోండి.

వరద మామూలు హోమ్ పాలసీలో ఉండదన్న మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. అది విడిగా, ఎక్కువగా ఫెడరల్ ప్రభుత్వం 1968లో పెట్టిన పథకం కింద, కొనుక్కోవాలి, సాధారణంగా కొన్న 30 రోజులకు గానీ అది అమల్లోకి రాదు. వాన మొదలయ్యాక ఏజెంటుకు ఫోన్ చేయడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే.

టెక్సస్ చేసిన మార్పుల్లో నాకు బాగా నచ్చినది హెచ్.బి. 2067. కంపెనీ మీ దరఖాస్తును తిరస్కరించినా, పాలసీ మధ్యలో రద్దు చేసినా, రెన్యూ చేయకపోయినా, కారణం ఏమిటో రాతపూర్వకంగా మీకు తెలపాలి. ఇదివరకు మనం అడిగితేనే చెప్పేవారు, అడగవచ్చని చాలామందికి తెలియదు. 2026 జనవరి 1 నుంచి అడగకుండానే చెప్పాలి, ఆ కారణాల సారాంశాన్ని రాష్ట్ర బీమా శాఖకు కూడా పంపాలి. రెన్యూ చేయబోమని 60 రోజుల ముందు చెప్పాలన్న నియమంతో దీన్ని కలిపి చూడండి. కారణం తెలిసి చేతిలో 60 రోజులుంటే, సరిదిద్దుకోవడానికి వీలైనదాన్ని సరిదిద్దుకోవచ్చు. కారణం తప్పయితే రుజువుతో తిరిగి రాయవచ్చు. కంపెనీ ఒప్పుకుని తీరాలని మాత్రం చట్టం చెప్పడం లేదు. అది దీనిలోని లోటు, వచ్చే శాసనసభ సమావేశాల్లో దాన్ని పూరించమని మన ప్రతినిధులను మనం అడగాలి.

ఈ సభలో కూర్చున్న ఒక దంపతులకు ఈ మధ్యే అటువంటి ఉత్తరం వచ్చింది. వాళ్ల అనుమతితోనే చెబుతున్నాను. “ఆకాశం నుంచి తీసిన చిత్రంలో ఇంటి కప్పు మీదికి చెట్టు కొమ్మలు వాలి ఉన్నాయి, కప్పు మీద నాచు ఉన్నట్టుంది” అని అందులో కారణం రాశారు. ఇప్పుడు కంపెనీలు విమానాల నుంచి, డ్రోన్ల నుంచి తీసిన చిత్రాలు చూసి నిర్ణయాలు తీసుకుంటున్నాయి. ఆ ఇంటికి వెళ్లి నిచ్చెన వేసుకుని చూశాను. కొమ్మలు నిజమే, పెరట్లోని ఓక్ చెట్టువి. నాచు మాత్రం కాదు. చిమ్నీ నీడలో వేసిన కొత్త షింగిల్స్ (కప్పు మీద పరిచే పలకలు) రంగు, పాతవాటి కంటే ముదురుగా ఉంది. ఆ ఆదివారమే కొమ్మలు కొట్టించారు. చెట్టు కొట్టినవాళ్ల రసీదు, నాలుగు వైపుల నుంచి కప్పు ఫోటోలు, షింగిల్స్ వేసిన తేదీ ఉన్న బిల్లు జతచేసి, ఉత్తరంలోని ఒక్కో కారణానికీ ఒక్కో పేరాలో జవాబు రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాం, నకలు ఏజెంటుకు ఇచ్చాం. అది వెళ్లి పదకొండు రోజులైంది. పాలసీ ముగియడానికి ఇంకా ముప్పై నాలుగు రోజులు ఉంది. ఈలోగా వేరే రెండు కంపెనీల నుంచి ధరలు తెప్పించుకుంటున్నారు. మీలో ఎవరైనా అలాంటి ఉత్తరం తెచ్చి ఉంటే, ఆ వెనక బల్ల దగ్గర కూర్చుంటాను, తీసుకురండి, కలిసి చదువుదాం.